కొమ్ములకు రంగు

కొమ్ములకు రంగు పూసిన యెద్దును సంతలో చూచినచో నాకు ఒళ్లు మండును. ఏరువాకనాడు గాని, కనుమనాడు గాని రైతు తన యింటి పశువును చెరువులో కడిగి, కొమ్ములకు జాజు పూసి, మెడకు మువ్వలపట్టెడ గట్టి, పోలె తినిపించి హారతి యిచ్చినచో, ఆ సింగారమునకు నేనును చేయెత్తి మ్రొక్కుదును. నేను దూషించునది దానిని గాదు. శనివారము వేకువనే పెబ్బేరు సంతకు పోయి, డీసీఎం బండ్ల వెనుక తలుపులు తెరచి పశువులను దింపుచుండగా నిలుచుండి చూడుడు: ఒక కొమ్మున నీలము, ఒక కొమ్మున గులాబి, కొసలకు మెరుపు కాగితము, నొసట ప్లాస్టిక్ పూలదండ. రంగు ఆరకమునుపే బండి యెక్కించుటచేత, దిగునప్పటికి ఆ నీలము సగము ప్రక్క యెద్దు వీపుననే యుండును. ఇంత యలంకారమును మోయుచు ఆ మూగజీవి చెవులు వ్రేలవేసి నిలుచుండు తీరు చూచినచో, పెండ్లివారింట బలవంతముగా సూటు తొడిగించుకొన్న ముసలి మేనమామ జ్ఞప్తికి వచ్చును. ఆ మేనమామను నేనే యగుటచేత ఆ బాధ నాకు చక్కగా తెలియును.

ఈ కోపమునకు నిమిత్తమైనవాడును నా మేనల్లుడే. వాడు నడిగడ్డవాడు, కృష్ణకును తుంగభద్రకును నడుమ, గద్వాలకు చేరువలో, విత్తనపత్తి వేసికొని బ్రదుకు రైతు. ఇంటికి ట్రాక్టరు వచ్చిన పిమ్మట కాడెడ్లు రెండును కొట్టములో నెమరువేయుటకే మిగిలినవి. మేత ధర పెరిగినది, జీతగాడు దొరకడు, అమ్మవలెనని నిశ్చయించుకొన్నాడు. ఆ నిశ్చయమును నేను తప్పుపట్టను. ఎడ్లను పూజించుమని యుపదేశించువారిలో చొప్పకట్ట మోసినవారు తక్కువ. అయితే ఎట్లు నిలిపి అమ్మవలెనని వాడు నన్నడిగెను. జతగానా, విడివిడిగానా? వారపు సంతయా, జాతరవరకు ఆగుటయా? దళారిని పెట్టుకొనుటయా, స్వయముగా బేరమాడుటయా? ఇవన్నియు ఆలోచింపదగిన ప్రశ్నలే. కాని యిన్ని అడుగుచునే వాడు చేత రంగుడబ్బా పట్టుకొని యున్నాడు.

“ఎందుకురా ఆ డబ్బా?” అంటిని.

“ఫోటో పెట్టాల గద మామా. ఫోన్ల సూసేటోనికి ఎద్దులన్ని ఒకటే తీరు. కొమ్ములు ఎర్రగుంటెనే ఏలు ఆగుతది” అనెను.

వ్రేలు ఆగునేమో గాని రూకలు కదలునా? మా ప్రాంతమున తలపండిన రైతు ఎద్దును పరీక్షించు క్రమమును మీరెప్పుడైనను ఓపికతో గమనించితిరా? ముందు దూరముగా నిలిచి, బీడీ వెలిగించుకొని, ఎద్దువంక గాక మరెటో చూచుచున్నట్లు నటించును. అప్పటికే వాని చూపు గిట్టలమీద నుండును. గిట్టలు కలిసియున్నవా, విచ్చియున్నవా. నడిపించినప్పుడు వెనుక కాలు ముందుకాలి జాడను అందుకొనుచున్నదా, వెనుకబడుచున్నదా? అందుచేతనే పశువును కట్టుకొయ్యకు కట్టి చూపరాదు, నడిపించి చూపవలెనని నేను నూరుమార్లు చెప్పుదును. ఎద్దు అందమంతయు నడకలో నున్నది. పిమ్మట ఆ రైతు దగ్గరకు వచ్చి, ఎడమచేత ముక్కుతాడు పట్టి, కుడిచేతి బొటనవ్రేలితో క్రింది పెదవిని వంచి పండ్లు చూచును. పశువునకు పై దవుడను ముందుపండ్లుండవు. క్రింది యెనిమిదింటిలోనే దాని వయసంతయు వ్రాసియుండును. పాలపండ్లు రాలి రెండు పెద్దపండ్లు మొలచినచో రెండు పండ్ల కోడె; పిమ్మట నాలుగు, ఆరు; ఎనిమిదియు నిండినచో పూర్తి వయసు వచ్చిన యెద్దు; అవి అరిగి నడుమ సందులు పడినచో, అమ్మువాడేమి చెప్పినను వినవలసిన పని లేదు.

అంతతో విడువడు. అరచేతిని మెడమీద నుంచి, మూపురమునకు ముందు కాడి రాపిడికి కాసిన కాయను తడవి చూచును. కాయ గట్టిగా, నున్నగా చేతికి తగిలినచో ఎద్దు పనిలో నున్నదని తెలియును; పచ్చిపుండై యున్నచో కాడి సరిగా కట్టనేరని యింటినుండి వచ్చినదని తెలియును; కాయయే లేకున్నచో అది మేసి పడుకొను భోగి యని తెలియును. ఒక పుడిసెడు నూనె ఆ మెడకు పట్టించినచో ఈ సాక్ష్యమంతయు జారిపోవును. ఇక సుడులు. వెండ్రుకల సుడి యెక్కడ తిరిగినదో చూచి, చేతికి వచ్చిన బేరమును విడిచిపోయినవారిని నేనెరుగుదును. సుడి శాస్త్రమును నేను నమ్మను. కాని కొనవచ్చినవాడు నమ్ముచున్నప్పుడు అమ్ముకొనువాడు నమ్మక చేయునదేమున్నది? కొమ్ముల వంపును చూతురు, రెంటికి జత కుదిరినదా యని చూతురు. రంగును చూచువానిని నేను చూడలేదు.

రంగు నిరపాయమైన వేడుకయే కదా, ఇంత రాద్ధాంతమేల యని మీరనవచ్చును. సంతలో చెల్లు ఇతర విద్యలకది ఓనమాలు. ముందునాటి రాత్రి ఉప్పు నాకించి, ప్రొద్దున దాహముతో బిందెలు బిందెలుగా నీరు త్రాగునట్లు చేసి, లోతుకు పోయిన డొక్కలను పూడ్చుట ఒక విద్య. పాడియావును పిదుకక విడిచి, పొదుగు బిగిసి నొప్పితో కాళ్లు ఎడముగా పెట్టి నిలుచున్నదానిని ‘పొదుగు చూడుడు’ అని చూపుట మరియొకటి. దీనిని విద్యయని పిలుచుటకే నాకు సిగ్గగుచున్నది. ఈనినప్పుడెల్ల ఆవు కొమ్మున ఒక వలయము పడును. ఆకురాయితో ఆ వలయములను అరగదీసి, పైన నూనె రాసి, ముదియావును తొలిచూలు దాటినదని చెప్పువారు కలరు. అరగదీసిన కొమ్మును దాచుటకు రంగుకంటె మంచి ముసుగేమున్నది? రంగు పూసినవానిలో మోసము లేకపోవచ్చును; కాని మోసగాండ్రు రంగు పూయుదురని కొనువానికి తెలియును. కావున వాడు చూచినంతనే జంకును. జంకినవాడు వెల తగ్గించును.

నాగర్‌కర్నూలు జిల్లాలో అమ్రాబాదు మిట్టమీద, నల్లమల యడవులలో, లంబాడీలును గొల్లలును మందలుగా మేపు పొడ తూర్పు పశువులను చూచినవారికి రంగుడబ్బా తలంపే రాదు. తెల్లని మేనిమీద ఎర్రని పొడలు, లేదా ఎర్రని మేనిమీద తెల్లని పొడలు. ఏ రెండింటికిని ఒక్కతీరు పొడలుండవు. పొట్టి యొడలు, గట్టి గిట్ట, కొద్దిమేతతో గడుపుకొను గుణము, రాళ్లనేలకు వెరువని నడక. కర్నాలులోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థవారు దీనిని ప్రత్యేకమైన దేశవాళీ జాతిగా నమోదు చేసిరి, సంతోషము; కాని మా పాలమూరు రైతు తాతలనాటినుండియు ‘తూర్పుయెడ్లు’ అని అడిగి మరీ కొనుచున్నాడు. కార్తీకములో కురుమూర్తి జాతరకు ఈ కోడెలు గుంపులుగా దిగివచ్చును. అడవి దుమ్ముతో, తుమ్మముల్లు గీరిన గీతలతో, జనమును చూచి బెదరుచు, బెదరుటలోనే తమ చురుకును చూపుచు నిలుచును. అంతకు మించిన సింగారము ఏ డబ్బాలో దొరకును?

ఆ కురుమూర్తిలోనే మా చిన్నాయన పరువు పోయినది. నేనప్పటికి నిక్కరు తొడుగు పిల్లవాడను. మా యింట పొడయెద్దు దాపట, మైలయెద్దు వలపట కట్టెడివారము. తారుమారు చేసినచో సాలు వంకర పోయెడిది. అప్పు తీర్చుటకు వానిని అమ్మవలసి వచ్చినప్పుడు, చిన్నాయన ఎవరో దళారి మాట చెవిని వేసికొని, కొమ్ములు చెక్కించి, ఎర్రరంగు పూయించి, నడుమ తెల్లచుక్కలు పెట్టించి, అద్దాలు కుట్టిన గుడ్డ వీపుల కప్పి, బండి వెనుక కట్టి తోలుకొనిపోయెను. జాతరలో మా చుట్టు జనము మూగిరి. మూగినవారు నవ్విరి. ఒక ముసలి రైతు ముందుకు వచ్చి, పొడదాని కొమ్మును వ్రేలితో తడిమి, ఆ వ్రేలు మా చిన్నాయనకు చూపి, “ఏం పటేలా, కొమ్ములకు రంగేసినవ్, పండ్లకు గూడ ఏసినవా?” అనెను. ఆ మాట జాతరంతయు తిరిగినది. మా ప్రక్కనే, మోకాళ్లవరకు బురదతో, కాడి విప్పి నేరుగా వచ్చిన యెడ్ల జత మధ్యాహ్నమునకే మంచి వెలకు పోయినది. మావి సాయంకాలమువరకు నిలిచియుండగా, ఆ దళారియే మరల వచ్చి, ‘జతగా పోవు, విడదీయుడు’ అనెను. విడదీసిరి. జతను విడదీసినచో రెంటికిని కలిపి వచ్చు రూకలు జతవెలకు సరిరావని సంతలో పిల్లవానికైనను తెలియును. అప్పులవాడు గుమ్మములో కూర్చున్నవానికి తెలిసినను ప్రయోజనము లేదు. పొడదానిని కొన్నవాడు తోలుకొని పోవుచుండగా, అది అడుగడుగునకు కుడివైపునకే మెడ త్రిప్పుచు నడచినది. మైలది యెల్లప్పుడు దానికి కుడివైపుననే యుండెడిది గదా. అవ్వ ముందే చెప్పి పంపినందున పలుపులు మాత్రము విప్పి తెచ్చితిమి.

ఆ కొండమీది స్వామికిని జాతరనాళ్లలో సింగారము గలదు. ఆత్మకూరునుండి నగలు ఊరేగింపుగా వచ్చును. వడ్డెమానులో ఉపవాసములుండి తోలుతో కుట్టిన ఉద్దాలను, అనగా స్వామి పాదుకలను, మేళతాళములతో తెత్తురు; వానిని తలకు తాకించుకొనుటకు జనము త్రోసికొందురు. ఏ పశువు తోలో ఆ భాగ్యము పొందినదని నేనెన్నోమార్లు తలపోసితిని. స్వామి సింగారమునకు నేనడ్డు చెప్పను. ఆయన అమ్మకమునకు రాలేదు.

ఇక బేరము. మన సంతలలో పశువును నలుగురిలో పాడి అమ్ముట వాడుక కాదు. దళారి కొనువాని చేతిని తువాలు క్రింద పట్టుకొని వ్రేళ్లు నొక్కును; మొగములు రెండును ఏమియు నెరుగనట్లు వేపచెట్టు కొమ్మలను చూచుచుండును; వెల కుదిరిన పిమ్మట గాని, తన యెద్దు ఎంతకు పోయినదో అమ్మువానికే తెలియదు, అదియు పూర్తిగా తెలియదు. ఆస్ట్రేలియాలో పశువులను బహిరంగముగా వేలము వేసి, కిలోకింతయని బరువును బట్టి అమ్ముదురు. ఒకే యీడు, ఒకే బరువు గలవానిని ముందుగా వేరుచేసి గుంపులుగా నిలుపుటయే అక్కడి సింగారము. తూచుటకు ముందు కొన్ని గంటలు మేతయు నీరును మాన్పింతురు గనుక ఉప్పునీళ్ల విద్య అక్కడ చెల్లదు. బ్రెజిలువారి వైభవము వేరు. మన ఒంగోలు పశువులే అక్కడికి పోయి, నెల్లూరు పేరుతో ‘నెలోరె’ జాతియై వర్ధిల్లినవి. అందులో వియాటినా-19 అను ఆవును 2023లో వేలమునకు పెట్టి, మూడవవంతు భాగము మాత్రమే అమ్మిరి. ఆ లెక్కన 1,100 కిలోలు దాటిన ఆ యావు వెల 35 కోట్ల రూపాయలను మించినది. కొన్నవానికి వచ్చిన మూడవవంతు పొదుగువైపుదో, కొమ్ములవైపుదో తేల్చి చెప్పినవారు లేరు.

మన యొద్దను వేలము లేకపోలేదు. అయితే వేలమునకు వచ్చునది పశువు గాదు, సంతయే. తైబజారు వసూలు చేసికొను హక్కును ఏటేటా పాడి గుత్తకిత్తురు. ఆ హక్కునకెవరును రంగు పూయరు. ఐనను ఎగబడి పాడుదురు.

ఈ గడ్డమీద పూర్వము మరియొక విధమైన సంత నడచెడిది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములకు దూరదూరమునుండి కవిపండితులు శాలువలు కప్పుకొని వచ్చి, ప్రభువుల యెదుట నిలిచి, పరీక్షకు లోనై, యోగ్యతకొలది సంభావనలందుకొని పోయెడివారు. ‘విద్వద్గద్వాల’ యను పేరు ఊరక రాలేదు. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానములకు జతగా వచ్చిరి. వారిని విడదీసి బేరమాడుమని చెప్పు దళారి అప్పటికి పుట్టలేదు. పెద్దలు క్షమింతురు గాక, ఈ యపచారమునకు కారణము నా మేనల్లుడు. అన్నిటికంటె ఘనమైన ప్రదర్శన మాత్రము ఏ ప్రభువు కొలువులోను జరుగలేదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఎవరో వ్రాసినప్పుడు, ఈ నడిగడ్డ ఇటికాలపాడువాడైన సురవరం ప్రతాపరెడ్డిగారు వాదమునకు దిగక, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి, 354 మంది కవులను ఒక్కచోట నిలిపి, ఇదిగో చూచుకొనుడనిరి. పండితుడని, పామరుడని ముందువరుస వెనుకవరుస చేయక, ఉన్నవారిని ఉన్నట్లు చూపిరి.

ఆ సంచిక మా యింట నుండెడిది. మా నాయన దానికి గుడ్డయట్ట వేయించి, లోపల తన పేరు, ఊరి పేరు వ్రాసికొని, ట్రంకుపెట్టెలో కర్పూరపు బిళ్లలతో దాచెడివాడు. దానిని మా దూరపు బంధువొకడు, కొడుకు పరీక్షలకు కావలెనని చెప్పి పట్టుకొనిపోయెను. ఆ కొడుకు పరీక్షలు ముగిసి, ఉద్యోగము వచ్చి, పెండ్లియై, వానికిద్దరు పిల్లలు కలిగిరి; పుస్తకము రాలేదు. అడిగినప్పుడెల్ల, “ఇస్త బావా, యాడికి పోతది” అనును. మొన్న వనపర్తిలో ఒక పెండ్లిలో కనబడినాడు. నన్ను చూచి పలుకరింపక చరచర భోజనాలవైపు నడచినాడు. నేను వెంటబడి పోవునప్పటికే పంక్తిలో కూర్చుండి విస్తరిమీద నీళ్లు చల్లుకొనుచున్నాడు. అన్నము ముందర కూర్చున్నవానిని బాకీ యెట్లడుగుదును?