ఆ గోడౌన్‌లో స్టార్లకు చోటు లేదు!

‘ఒరేయ్, నువ్వు తోడెళ్లి చూసిరా. నువ్వు సరేనంటేనే ఇంకోసారి పంపుతా. లేదంటే అంతటితో సరి’... అక్క ఖరాఖండీగా చెప్పేసింది.

ఫ్రీమాంట్‌లో అక్కాబావల ఇంట్లో దిగిన రెండోరోజు సంగతిది. వాళ్లమ్మాయికి పదహారేళ్లు. గిటార్ నేర్చుకుంది. స్కూల్లో మరో ముగ్గురితో కలిసి బ్యాండ్ కూడా పెట్టింది. శనివారం రాత్రి బర్క్‌లీలో ఓ చోటికెళ్లి కచేరీ వింటానని వారం నుంచీ గొడవ. ఆ చోటు పేరేంటమ్మా అంటే ‘924 గిల్మన్’ అంది. అది పేరా, డోర్ నంబరా? పైగా అక్కడ వాయించేది పంక్! జుట్టు మేకుల్లా నిలబెట్టి, చొక్కాలకు పిన్నీసులు గుచ్చుకుని అరిచే బాపతన్నమాట. అక్క భయం అక్కది.

నాకు మాత్రం ఆ నంబరు వినగానే ఇరవయ్యేళ్ల కిందటి కాకినాడ కళ్లముందుకొచ్చింది.

అక్కడ ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ సీనియర్ ఒకాయన హైదరాబాద్ నుంచి ఓ సీడీ తెచ్చాడు. గ్రీన్‌డే అనే అమెరికన్ బ్యాండ్ 1994లో విడుదల చేసిన ‘డూకీ’ ఆల్బమ్. అప్పటిదాకా నాకు ఇంగ్లిషు పాటంటే మైకేల్ జాక్సన్ ఒక్కడే. ఇదేమో వేరే లోకం. నాలుగు కార్డ్‌లు, రైలు వెళ్తున్నట్టు డ్రమ్ములు, కాస్త ముక్కుతో పాడినట్టుండే గొంతు. మూడు నిమిషాలకల్లా పాట అయిపోతుంది. కానీ ఆ హోరు మధ్యలోనే స్నానాల గదిలో పాడుకోదగ్గ బాణీ ఒకటి ఉంటుంది. పంక్ కోపానికి సినిమాపాట తీపి కలిపితే వచ్చేదే పాప్‌పంక్ అని ఆ సీనియర్ చెప్పాడు. ఇప్పటికీ అంతకన్నా మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

మేమూ నలుగురం కలిసి కాలేజీ వార్షికోత్సవంలో ‘బాస్కెట్ కేస్’ పాట ఎత్తుకున్నాం. అర నిమిషం గడిచిందో లేదో, వెనక వరసల్లోంచి ఈలలు. ‘తెలుగుపాట పాడండ్రా!’ మా డ్రమ్మర్‌కి తిక్కరేగింది. అదే వేగంతో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లోని పాట మొదలెట్టేశాడు. మేం చచ్చీచెడీ అందుకున్నాం. హాలు హాలంతా లేచి గంతులు! దిగి వస్తుంటే ఓ లెక్చరర్ మాత్రం మొహం చిట్లించి, ‘ఇళయరాజా పాటను ఖూనీ చేశారు కదరా’ అన్నారు. ఖూనీ చేశామా, గౌరవించామా... అది అప్పట్నుంచీ నాలో మిగిలిపోయిన ప్రశ్న.

గ్రీన్‌డే పుట్టి పెరిగింది ఈ గిల్మన్‌లోనే. తోడెళ్లమని అక్క వేరే చెప్పాలా!

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే మారే పని లేకుండా నార్త్ బర్క్‌లీలో దిగొచ్చు. అక్కణ్నుంచి పడమరగా అరగంట పైన నడక. మొదట పూలమొక్కల ఇళ్లు. పోనుపోను షెడ్లూ, వర్క్‌షాపులూ, రైలుపట్టాలూ. వాటికి అవతల హైవే, ఆపైన శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం. ఎనిమిదో వీధి మూలమీద ఎర్ర ఇటుకల గోడౌన్ ఒకటి కనిపించింది. అదే. పటాటోపం ఏమీ లేదు. మన ఊళ్లో అయితే సిమెంటు బస్తాల గోడౌన్ అనుకుని పక్కనుంచి వెళ్లిపోతాం.

లోపలికి అడుగుపెడుతూనే గోడమీద పెద్ద అక్షరాలతో నిబంధనలు. మందు లేదు, మత్తుమందులు లేవు, కొట్లాటలు లేవు. జాతి పేరుతోనో, ఆడామగా తేడాతోనో, స్వలింగ ప్రేమికులనో ఎవరినీ కించపరచకూడదు. నేను ఫొటో తీసి అక్కకు పంపాను. ‘ఇవన్నీ మీ బావ ఆఫీసులో కూడా లేవు’ అని జవాబొచ్చింది.

అమెరికాలో కచేరీలు చాలావరకు బార్లలో జరుగుతాయి. 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు. మరి పదహారేళ్ల పిల్లలు పాట వినాలంటే? ‘మాగ్జిమమ్ రాక్‌న్‌రోల్’ అనే పంక్ పత్రిక నడిపిన టిమ్ యోహానన్, ఇంకొందరు కలిసి ఈ గోడౌన్ అద్దెకు తీసుకున్నది అందుకే. 1986 డిసెంబరు 31 రాత్రి తొలి కచేరీ. లాభాపేక్ష లేదు. టికెట్లివ్వడం, మైకులు సర్దడం, చివర్లో ఊడ్చడం... అన్నీ స్వచ్ఛందంగా వచ్చినవాళ్లవే. సభ్యత్వ కార్డు చాలా ఏళ్లపాటు ఏడాదికి రెండు డాలర్లే. ఇంకో నియమం కూడా ఉంది. పెద్ద పెద్ద మ్యూజిక్ కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్లకు ఈ వేదిక ఇవ్వరు.

ఆ నియమం దగ్గరే అసలు కథ.

ఇక్కడికి ఉత్తరంగా, నూనెశుద్ధి కర్మాగారం పక్కన రోడియో అనే చిన్న ఊరుంది. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్న్‌ట్ అక్కడి పిల్లలు. పదేళ్ల వయసు నుంచీ స్నేహితులు. బిల్లీ జో తల్లి ఓ రెస్టారెంట్‌లో వెయిట్రెస్. 1987లో వీళ్ల తొలి కచేరీ జరిగింది ఆ రెస్టారెంట్‌లోనే. తర్వాత గిల్మన్ వాళ్లకు బడీ గుడీ అయిపోయింది. తొలి రికార్డులు వేసింది లుకవుట్ అనే చిన్న సంస్థ. దాన్ని నడిపినాయన లారీ లివర్‌మోర్. (లివర్‌మోర్ అనగానే మనవాళ్లకు శివవిష్ణు ఆలయమే గుర్తొస్తుంది. నాకూ అంతే. ఆలయానికీ ఆయనకీ సంబంధం లేదు!)

1993లో గ్రీన్‌డే వార్నర్ వాళ్ల రిప్రైజ్ కంపెనీతో సంతకం చేసింది. అంతే, గిల్మన్ తలుపు మూసుకుంది. మరుసటి ఏడాది వచ్చిన ‘డూకీ’ ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. ప్రపంచమంతా స్టేడియంలు తెరుచుకున్నాయి, ఈ గోడౌన్ తప్ప. 1995 ఆల్బమ్‌లో ‘86’ అనే పాట ఉంది. పుట్టిల్లు గెంటేసిన బాధతో రాసుకున్నదే అది.

‘ఇదేం న్యాయం? పేరు తెచ్చిన పిల్లల్నే గుమ్మం ఎక్కనివ్వకపోవడమా?’ అన్నాను.

‘వాళ్లకి స్టేడియంలున్నాయి కదా మామయ్యా. వాళ్లిక్కడికొస్తే మాలాంటివాళ్లకి స్టేజి ఎవరిస్తారు?’ అంది మా అమ్మాయి, చిప్స్ నములుతూ.

నా దగ్గర జవాబు లేదు. అయితే అక్కకు దాచకూడని సంగతి కూడా ఒకటుంది. 1994 మేలో, డెడ్ కెనడీస్ బ్యాండ్ మాజీ గాయకుడు జెలో బియాఫ్రా మీద ఇదే గోడౌన్‌లో దాడి జరిగింది. ‘అమ్ముడుపోయావు’ అని తిడుతూ కొట్టారు. కాలు విరిగింది. గోడమీద నిబంధన రాసినంత మాత్రాన మనుషులు మారిపోరు మరి. అమ్ముడుపోవడం అనే మాటకు ఇక్కడ అంత పదును.

ఒకే పాట... ఆరు దశాబ్దాలు!

కచేరీ మొదలయ్యేలోపు మా ఇద్దరికీ ఇంకో వాదన. వాళ్ల బ్యాండ్ ఏ పాట వాయించాలన్నదాని మీద. సొంత పాటలు ఇంకా రెండే ఉన్నాయట. మిగతావి కవర్ సాంగ్స్. అంటే ఒకరు పాడిన పాటను ఇంకొకరు తమ పద్ధతిలో పాడటం. మనకిది కొత్తేం కాదు. పెళ్లి బ్యాండుమేళం చేసేదేంటి? ‘యమగోల’ పాట ‘యమదొంగ’లోకీ, ‘కొండవీటి దొంగ’ పాట ‘నాయక్’లోకీ వచ్చినప్పుడు ఎగిరింది మనమే కదా. అమెరికాలో అయితే ఇందుకు 1909 నుంచే చట్టం ఉంది. ఒకసారి రికార్డయి విడుదలైన పాటను ఎవరైనా మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. బాణీ మౌలికంగా మార్చకుండా, పాట రాసినవాళ్లకు కాపీకి ఇంత అని కట్టాలి. 2006 నుంచి 2022 దాకా అది 9.1 సెంట్లు.

అయితే ఏ పాటనైనా రెట్టింపు వేగంతో వాయించేస్తే పాప్‌పంక్ కవర్ అయిపోతుందా? 2002లో మొదలైన ‘పంక్ గోస్ పాప్’ ఆల్బమ్‌లు చాలామందికి ప్రాణం. నాకు మూడో పాటకల్లా ఆవులింతలొస్తాయి. అవే గిటార్లు, అదే పరుగు. నా మట్టుకు ‘మీ ఫస్ట్ అండ్ ద గిమ్మీ గిమ్మీస్’ నయం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1995లో పుట్టిన ఈ బ్యాండ్ పనే ఎదుటివాళ్ల పాటలు పాడటం. జాన్ డెన్వర్‌నీ బిల్లీ జోయెల్‌నీ కూడా వదల్లేదు. 2004 నాటి ఆల్బమ్‌ని ఏకంగా ఓ యూదు కుర్రాడి వేడుకలో, చుట్టాలందరి ముందూ వాయిస్తూ రికార్డు చేశారు. మన లెక్కలో ఒడుగు కచేరీ అనుకోండి! వాళ్లది వెటకారమే. కానీ ప్రేమ లేనివాడు అంత బాగా వెటకారం చేయలేడు.

కవర్ అంటే ఎలా ఉండాలో చెప్పమంటే నేను చూపించేది ‘ఐ ఫాట్ ద లా’ పాట. క్రికెట్స్ బ్యాండ్‌లోని సోనీ కర్టిస్ రాశాడు. 1960 నాటి ఆల్బమ్‌లో ఉంది. దొంగతనం చేసి జైల్లో రాళ్లు కొట్టుకునేవాడి గోడు. దాన్ని 1960ల నడుమ బాబీ ఫుల్లర్ ఫోర్ హిట్ చేసింది. 1978లో లండన్ నుంచి వచ్చిన క్లాష్ బ్యాండ్ కుర్రాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కో స్టూడియోలోని జ్యూక్‌బాక్స్‌లో అది విన్నారు. 1979లో వాళ్లు పాడేసరికి, ఓడిపోయినవాడి గోడు కాస్తా తిరుగుబాటు పాటైంది.

అంతకుముందు ఏడాది, 1978 నవంబరులో, అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ జార్జ్ మాస్కోనీనీ, నగర పాలకవర్గ సభ్యుడు హార్వీ మిల్క్‌నీ డాన్ వైట్ అనే మాజీ సభ్యుడు సిటీహాల్లోనే కాల్చి చంపాడు. పడిన శిక్ష ఎంతో తెలుసా? ఏడేళ్ల ఎనిమిది నెలలు. ఊరు అట్టుడికింది. డెడ్ కెనడీస్ అదే పాట తీసుకుని, హంతకుడి నోటితో పాడేలా మాటలు మార్చేశారు. మూలంలో చట్టం చేతిలో ఓడిపోయే దొంగ. ఇక్కడ చట్టాన్నే ఓడించి నవ్వే హంతకుడు. బాణీ దాదాపు అదే, వింటే ఒళ్లు జలదరిస్తుంది. పాడింది, తర్వాత ఇక్కడ కాలు విరగ్గొట్టించుకున్న ఆ బియాఫ్రాయే.

ఇక 2004 ఫిబ్రవరిలో మా గ్రీన్‌డే కూడా అదే పాట పాడింది. పెప్సీ-ఐట్యూన్స్ ప్రకటన కోసం! చట్టవిరుద్ధంగా పాటలు డౌన్‌లోడ్ చేసుకుని దొరికిపోయిన పిల్లల్ని చూపిస్తూ, ఇక నుంచి పద్ధతిగా తీసుకోండని చెప్పే ప్రకటన. వాయించడంలో వంకపెట్టడానికేం లేదు. కానీ ఆ ఒక్కసారి గిల్మన్ వాళ్ల కోపం నాకు అర్థమైంది.

‘మరి అటారిస్?’ అంది అమ్మాయి. నిజమే. డాన్ హెన్లీ 1984 పాటను అటారిస్ 2003లో పాడుతూ ఒక్క పేరు మార్చింది. ఖరీదైన కారు మీద గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానుల స్టిక్కర్ కనిపించే చోట బ్లాక్ ఫ్లాగ్ అనే పంక్ బ్యాండ్ స్టిక్కర్ పెట్టింది. ఆ ఒక్క మార్పుతో హిప్పీల తరం పోయి, పంక్ తరం కూడా కార్లు కొనే వయసుకొచ్చిందని తెలిసిపోతుంది. మంచి కవర్‌లో పాట మారకపోయినా పర్లేదు, పాడేవాడెవడో మారాలి. కాకినాడలో మా డ్రమ్మర్‌కి ఇదంతా తెలుసా? ఏం తెలియదు. వాడికి కోపమొచ్చింది, అంతే!

దీపాలు తగ్గాయి. లోపల గోడలనిండా రాతలు, స్టిక్కర్లు. ఓ పక్క బాస్కెట్‌బాల్ రింగు. స్టేజి మోకాలెత్తు. మొదటి బ్యాండ్‌లో ఎవరికీ పద్దెనిమిది దాటినట్టు లేవు. రెండు పాటల్లో శ్రుతి తప్పారు. గిటార్ తీగ తెగితే మూడు నిమిషాలు అందరం నిలబడ్డాం. ఎవరూ ఈల వేయలేదు, కాకినాడలా. ఓ కుర్రాడు గంతుల్లో కిందపడితే చుట్టూ ఉన్నవాళ్లే రెక్కపట్టి లేపారు.

చివర్లో వాళ్లు ఎత్తుకున్నది ‘నాలెడ్జ్’. ఆపరేషన్ ఐవీ బ్యాండ్ పాట. ఆ బ్యాండ్ ఆఖరి కచేరీ 1989 మేలో జరిగింది ఈ గోడౌన్‌లోనే. మరుసటి ఏడాదే గ్రీన్‌డే ఆ పాటను తన చిన్న రికార్డులో పెట్టుకుంది. ఆ తర్వాత, గిల్మన్ గెంటేసిన తర్వాత కూడా, వేలమంది ఉన్న స్టేడియంలలో బిల్లీ జో ఆ పాటను వదల్లేదు. జనంలోంచి పిల్లల్ని పిలిచి, ‘మూడు కార్డ్‌లే, వాయించగలవా?’ అని గిటార్ చేతికిచ్చేవాడు. చాలాసార్లు ఆ గిటార్ తీసుకెళ్లిపొమ్మనేవాడు కూడా.

2015 ఏప్రిల్‌లో గ్రీన్‌డేకి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. నెల తిరిగేసరికి, మే 17న, ఈ మోకాలెత్తు స్టేజి ఎక్కనిచ్చారు. అది కూడా అగ్నిప్రమాదంలో నష్టపోయిన ఏకే ప్రెస్ అనే ప్రచురణ సంస్థకూ, పక్కనున్న ఓ ముద్రణాలయానికీ సాయం కోసం పెట్టిన కచేరీ. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు దాటింది.

పదిన్నరకల్లా అమ్మాయిని బయల్దేరదీశాను. ఫ్రీమాంట్ స్టేషన్ బయట అక్క కారులో కూర్చుని ఉంది. ‘ఊఁ, చెప్పు’ అంది. నిబంధనల గోడ గురించి చెప్పాను. బియాఫ్రా కాలి సంగతీ దాచలేదు.

‘అది ఎప్పుడు?’

‘తొంభై నాలుగులో.’

‘ఈ రాత్రో?’

‘ఒకడు పడ్డాడు, పదిమంది లేపారు. ఎవరి చేతిలోనూ సీసా చూళ్లేదు. నా చెవులు మాత్రం ఇంకా గుయ్యిమంటున్నాయి.’

రెండు సిగ్నళ్లు దాటేదాకా అక్క ఏమీ మాట్లాడలేదు. ‘అక్కడ తినడానికేం దొరుకుతుంది?’ అంది చివరికి.

‘చిప్స్.’

‘అయితే ఈసారి పులిహోర కట్టిస్తా. ఆ మిగతా ముగ్గురికీ కలిపి.’

వెనక సీట్లోంచి అమ్మాయి ముందుకు వంగింది. ‘మామయ్యా, కాకినాడలో మీరు వాయించారే... ఆ పాట కార్డ్‌లేంటి?’

నాకు గుర్తున్నవి మూడే. చెప్పాను.