చెరువుకట్ట అతిథి

హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు బోవు మార్గమున సుమారు 30 కిలోమీటర్లు ప్రయాణించినచో ఇబ్రహీంపట్నము చేరుదుము. తుర్కయంజాలు, బొంగ్లూరు దాటి బస్సు సాగుచుండగా నగరపు మేడలు పలుచనై, వాని నడుమ రాతిగుట్టలును, ఇంజనీరింగు కళాశాలల భవనములును, ఇంకను మిగిలియున్న వరిమళ్లును కానవచ్చును. ఊరి పెద్ద చెరువు వానకాలమున చూడదగినది. గోలకొండను 1550 నుండి 1580 వఱకు నేలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరనే యీ యూరు వెలసినదని ఇచటి పెద్దలు చెప్పుదురు. మన కవులు "మల్కిభరాము"డని యాదరముతో పిలుచుకొన్న ప్రభు వాయనయే. అద్దంకి గంగాధరకవి తన "తపతీ సంవరణోపాఖ్యానము"ను అంకితమిచ్చినదియు నాయనకే.

మా యత్తవారిల్లు ఆ చెరువుకట్టకు పిలుపుదూరమున నున్నది. అయినను కట్ట చరిత్రను వ్రాయుట నా యుద్దేశము కాదు. ఆ కట్టమీదినుండి మా యింటికి వచ్చి, నాలుగు నెలలకు పైగా వసించి, వెడలిపోయిన యొక చిన్న యతిథిని గూర్చి సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2025వ సంవత్సరము ఆషాఢమాసపు తొలిజల్లులు పడుచుండెను. పాలు పోయు అబ్బాయి వచ్చి, తూము ప్రక్కనున్న తుమ్మపొదలో ఒక కుక్కపిల్ల రెండు దినములుగా మూలుగుచున్నదని చెప్పెను. పోయి చూచితిని. నాలుగు నెలల ప్రాయపు మగపిల్ల. గోధుమవన్నె యొడలు, నల్లని మూతి. ఎవరో మెడకు ప్లాస్టిక్ త్రాడు కట్టి విడిచిరి. పిల్ల యెదుగుచుండగా త్రాడు బిగిసి చర్మములోనికి దిగి పుండయ్యెను. నేను చేయి చాపగనే అది కరవలేదు, మొఱుగలేదు. నేలకు కరచుకొని, తోక కడుపు క్రిందికి ముడుచుకొని, కన్నులు మూసికొనెను. దెబ్బకు సిద్ధమైనవాని తీరు అది.

ఆ క్షణమున నాకు భారతములోని సరమ కథ స్ఫురించెను. జనమేజయుని యాగశాలకు వచ్చిన కుక్కపిల్లను ఏ తప్పును లేకయే రాజసోదరులు కొట్టిరి. దాని తల్లియైన సరమ రాజసభకు వచ్చి, నిరపరాధిని హింసించినవారికి అనుకోని భయములు వచ్చునని పలికి వెడలెను. మన యాదికవి నన్నయభట్టు ఆ కథతోనే ఆదిపర్వమున కథాభాగమును నడపించెను. ఒక కుక్కతల్లి న్యాయమడిగిన కథను మన పెద్దలు గ్రంథము మొదటనే నిలిపిరను మాట మనము మఱవరాదు.

పశువైద్యశాలలో త్రాడు కోసి పుండు కడిగిరి. గోనెసంచిలో చుట్టి యింటికి తెచ్చితిని. ద్వారమున మా యత్తగారు నిలిచియుండిరి.

"కడప దాటి లోపలికి రావద్దు బిడ్డా. పుండు మానేదాక వాకిట్ల ఉండనియ్యి. పేరు మాత్రం పెట్టకు. పేరు పెడితే పాణం అంటుకుంటది."

ఆమె మాట కఠినమని చదువరులు తలపరాదు. ఆమె పదేండ్ల పిల్లగా నున్నప్పుడు పుట్టినింట మేనత్త కుమారుని పిచ్చికుక్క కఱచెను. నాటు మందులతో కాలము గడపిరి. బాలుడు నీళ్లు చూచి జడిసి, జడిసి, మరణించెను. అది కన్నులార చూచినవారికి కుక్క యనగానే గుండె దడదడలాడుట వింత కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడొకడు వీధికుక్కల దాడిలో మరణించినప్పుడు ఎందఱు తల్లులు తల్లడిల్లిరో మన మెఱుగుదుము. భయపడు మనుష్యులను పరిహసించి కుక్కలను ప్రేమించుట ధర్మము కాదు. భయమునకు సమాధానము చెప్పవలయును.

సమాధానము కలదు. రేబీస్ లక్షణములు పైకి వచ్చిన పిమ్మట రోగి బ్రతుకుట అత్యంత దుర్లభము. కాని కాటు పడిన వెంటనే గాయమును సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, జాగు సేయక టీకాలు వేయించుకొన్నచో వ్యాధి రాకుండ నివారింపవచ్చును. 1885లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ చూపిన మార్గమిది. కుక్కకే ముందుగ టీకా వేయించినచో మన యింటికి, వీధికి రక్ష. కాబట్టి మొదట నేను చేసినది ముద్దులాట కాదు, టీకాలే. డిస్టెంపర్, పార్వో వ్యాధులకు ఒకటి, మూడు నాలుగు వారములకు మరల నొకటి. మూడు నెలలు నిండిన పిల్ల గనుక రేబీసుకు వేఱొకటి. నులిపురుగుల మందు, పిడుదుల మందు. వైద్యుడిచ్చిన టీకాల కార్డును అత్తమ్మ చేతికిచ్చితిని. ఆమె అక్షరము విడువక చదివించుకొని, కార్డును తన వక్కాకుల సంచిలో దాచుకొనెను. నాటి నుండి ప్రతి నెల "సూది పడ్డదా?" యని యడుగుట ఆమె వంతయ్యెను.

ఇక పిఱికితనము. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు సుమారు పదునాలుగవ వారము వఱకు లోకపరిచయమునకు ముఖ్యమైన కాలమని పండితులు చెప్పుదురు. ఆ కాలమున మనుష్యుల మంచి చేతులు సోకిన పిల్ల జీవితాంతము ధైర్యముగ నుండును. మన యతిథికి ఆ కాలము త్రాటితోను, కఱ్ఱతోను గడచిపోయెను. గడచినదానిని మరల తేలేము. మెల్లమెల్లగ క్రొత్త యనుభవములను దానిపై పేర్చగలము.

నేను మొదట పొరపడితిని. ప్రేమ చూపినచో భయము పోవునని తలంచి, మాటిమాటికి దగ్గఱకు పోయి తల నిమిరితిని. అది వణకెను. నిద్ర రాకయే ఆవులించెను, పెదవులు నాకికొనెను, కన్నుల తెలుపు కనబడునట్లు ప్రక్కకు చూచెను. ఇవి కుక్క భాషలో "నన్ను విడువు"మనుటయని పశువైద్యుడు చెప్పిన తరువాత గాని నాకు తెలియలేదు. అప్పటి నుండి పద్ధతి మార్చితిని. వాకిట నొక మూల గోనెపట్టా పఱచి, మూడు ప్రక్కల చాటుచేసితిని. దినమునకు రెండుసార్లు దానికి నాలుగడుగుల దూరమున, ముఖము ప్రక్కకు త్రిప్పి కూర్చుండి, బియ్యము ఏరుకొనుచునో కూర తఱుగుకొనుచునో యుండి, ఉడికిన గ్రుడ్డు ముక్కను అప్పుడప్పుడు జారవిడుచుచుంటిని. పదునొకండవ దినమున నా మోచేతికి తడి ముక్కు తగిలెను. నేను కదలలేదు.

చీపురు చేత బట్టగనే అది పొదలోనికి దూరెడిది. కాబట్టి చీపురును నేలపై బెట్టి, దానిమీద గ్రుడ్డు ముక్క నుంచితిని. కుక్కరు కూత కూసినపుడెల్ల ఉలికిపడెడిది. కూత కూసిన ప్రతిసారియు ఒక ముక్క విసరితిని. రెండు వారములకు కూత వినగనే వంటింటి కిటికీ క్రిందికి పరుగెత్తుకొని రాసాగెను. గంటకు తిండిని జతపఱచి కుక్కలపై రష్యా దేశపు పావ్లోవ్ చేసిన పరిశోధన మన వంటింటిలోనే జరిగినది. మెడకు పట్టీ వేయుటకు మాత్రము నెల పట్టెను; పుండు మానినను త్రాటి జ్ఞాపకము మానలేదు. మెడను విడిచి, ఱొమ్మునకు కట్టు వెడల్పాటి పట్టీ వాడితిమి.

తిండి విషయమున సోదరీమణులకు ఒక హెచ్చరిక. మన కూరలు పెట్టరాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తమును చెఱచును. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని. చాక్లెట్ విషతుల్యము. ఉడికిన ఎముకలు చీలి ప్రేగులకు గ్రుచ్చుకొనును. ఉప్పుకారములు లేని అన్నము, ఉడికిన కోడిమాంసము, గ్రుడ్డు చాలును.

హైదరాబాదు మహానగరపాలక సంస్థవారు ఆగస్టు 17వ తేదీ ఉదయమున బంజారాహిల్సులోని జలగం వెంగళరావు పార్కులో దేశవాళి కుక్కపిల్లల దత్తతకై మేళా జరిపిరి. నేనొక్కదాననే పోయి చూచి వచ్చితిని. ధైర్యము గల చిన్నపిల్లలకు అట్టి చోటు తగును గాని, మన యతిథికి ఆ సందడి పనికిరాదని తెలిసికొంటిని. 1992లో అక్కినేని అమలగారు స్థాపించిన హైదరాబాదు బ్లూక్రాస్ మొదలగు సంస్థలు నగరమున నున్నను, ఒక్కొక్క పిఱికిపిల్లకు నెలల తరబడి వాకిలి, ఓపిక ఇచ్చుట గృహస్థులకే సాధ్యము.

తెలిసికొని కూడ మరల తప్పు చేసితిని. ఆగస్టు చివర నగరమునుండి యొక కుటుంబము పిల్లను చూడవచ్చెను. వారి బాలురు కేకలు వేయుచు మీదికి పరుగెత్తిరి. అది మంచము క్రింద దూరి, మూత్రము విడిచి, పండ్లు చూపెను. "ఇది కఱచు కుక్క" యని వారు వెడలిపోయిరి. వీధిలో ఆ మాట వ్యాపించెను. కఱచునని పేరు పడిన వీధికుక్కకు ఎవరును ఇల్లు చూపరు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దోషము వారిది కాదు. నేను దానికి నన్నొక్కతెను నమ్ముట నేర్పితిని. మనుష్యులను నమ్ముట నేర్పలేదు. మనయొద్దనే యుండు పిల్లకు మన ప్రేమ చాలును. పరుల యింటికి పంపవలసిన పిల్లకు అది చాలదు.

మఱునాటి నుండి ఊరి సాయము కోరితిని. సాయంకాలము దినమున కొకరు మా యరుగుపై కూర్చుండి, దానివంక చూడక, గ్రుడ్డు ముక్కలు రాల్చి పోవలెను. కూరగాయల బండి ఆమె, పోస్టుమాన్, బడినుండి వచ్చు బాలికలు, ప్రక్కింటి ముసలి తాత చేతికఱ్ఱతో సహా, అందఱును వచ్చిరి. మొదట నవ్వులాటకు వచ్చినవారే తరువాత తమ వంతు తప్పకుండ వచ్చిరి. బాలికలకు నేను చెప్పిన నియమము లివి: పరుగెత్తరాదు, తలపై చేయి వేయరాదు, తినునప్పుడు తాకరాదు, అది తానై వచ్చినపుడే ఱొమ్ము గోకవలెను. ఈ నియమములు ఏ వీధికుక్క యెదుటనైనను పిల్లలను కాపాడునని తల్లులు గ్రహించిరి.

సెప్టెంబరు చివర సద్దుల బతుకమ్మ. ఊరి ఆడవారందఱు తంగేడు, గునుగు, బంతి పూల బతుకమ్మలతో చెరువుకు బయలుదేరిరి. డప్పుల మ్రోతకు అతిథి గడగడ వణకెను. ఏటేట మా వాడకు ముందు నడచు అత్తమ్మ ఆ యేడు "మీరు పోండ్రి, నేను ఇంటికాడ ఉంట" ననెను. చెరువులో బతుకమ్మను సాగనంపి వచ్చి చూతును గదా, ఆమె గడపకు లోపల కూర్చున్నది. అది గడపకు వెలుపల పరుండి, తల మాత్రము గడపమీద పెట్టి నిదురించుచున్నది. ఆమె యొక పాదము చాపి దాని చెవికి ఆనించియుంచెను. కడప ఎవరును దాటలేదు.

నన్ను చూచి, "గట్టిగ మాట్లాడకు. మల్లిగాడు ఇప్పుడే పండిండు" అనెను.

పేరు పెట్టవలదన్నది ఆమెయే; పెట్టినదియు ఆమెయే.

దీపావళి టపాసుల మ్రోత ముగియువఱకు పంపరాదని నిశ్చయించితిమి. ఈలోగా సంతానము కలుగకుండ శస్త్రచికిత్సయు జరిపించితిమి. వీధికుక్కలకు ఇదే పని చేసి, రేబీసు టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని 2023 నాటి జంతు సంతాననియంత్రణ నియమములు చెప్పుచున్నవి. చెవికొన కత్తిరించి యున్న కుక్కను చూచినచో దానికి ఆ శస్త్రచికిత్స జరిగినదని తెలిసికొనవచ్చును.

తుర్కయంజాలులో నొంటరిగ నుండు విశ్రాంత ఉపాధ్యాయిని యొకామె నాలుగుసార్లు వచ్చెను. మొదటి రెండుసార్లు తాకనైన తాకలేదు. అరుగుపై కూర్చుండి పత్రిక చదువుకొని పోయెను. మూడవసారి మల్లిగాడు ఆమె చెప్పులు వాసన చూచెను. నాలుగవసారి ఆమె బస్సుకై లేవగా వెంట గుమ్మము దాక నడచెను. అప్పుడు మాటలు ముగిసినవి.

కార్తికమాసమున అప్పగింతలు జరిగెను. దాని తిండి వేళలు, భయములు, ఇష్టములు ఒక కాగితముపై వ్రాసియిచ్చితిని. క్రొత్త యింట మొదటి మూడు దినములు బెదరుననియు, మూడు వారములకు అలవాటు పడుననియు, తన యిల్లని నమ్ముటకు మూడు నెలలు పట్టవచ్చుననియు చెప్పితిని. తొలిదినములలో తలుపు సందు దొరికినచో పాఱిపోవును గనుక మెడపట్టీ, ఱొమ్ముపట్టీ రెండును ఉండవలెననియు, పట్టీపై ఫోను నంబరు వ్రాయించుమనియు కోరితిని. వాడు పరుండిన పాత దుప్పటి ఉతుకక ఇచ్చితిని. మన వాసన వానికి ధైర్యము. అత్తమ్మ వక్కాకుల సంచి విప్పి, నాలుగు మడతలు పడిన టీకాల కార్డును తీసి, "వచ్చే యేడు మళ్ల సూది పడాలె టీచరమ్మా, మరువకు" అని ఆమె చేతిలో బెట్టెను. కన్నీరు పెట్టినది నేను, ఆమె పెట్టలేదు.

సోదరీమణులారా! జీవితాంతము కుక్కను పెంచుకొను వసతి అందఱకు నుండదు. నాలుగు నెలలు ఒక మూల, ఒక గోనెపట్టా, దినమున కొక గ్రుడ్డు ఇయ్యగల ఇండ్లు మాత్రము ప్రతి యూర నున్నవి. ఆ నాలుగు నెలలు దొరకక పోవు ప్రాణములు కట్టలమీద, తూముల ప్రక్కన నున్నవి.

మూడవ దినమున నేను వాకిలి ఊడ్చుచుండగా, అత్తమ్మ ఆ గోనెపట్టాను ఉతికి గోడమీద ఆరవేయుట చూచితిని. ఎండిన పిమ్మట మడిచి, అటకమీద పెట్టించెను. ఎందుకని యడిగితిని.

"మల్లొకటి వస్తె కావాలె గద, బిడ్డా."