ఓడల ఆనవాళ్లు

గత వేసవి సెలవులలో మా తమ్ముని ఆహ్వానముపై మావారును నేనును అమెరికాదేశమునకు పోయితిమి. తమ్ముడు కాలిఫోర్నియా రాష్ట్రమున లాంగ్‌బీచ్ అను రేవుపట్టణమున కాపురమున్నాడు. మేము పోయినది విమానముననే. అయినను ఆ యాత్రలో నా మనస్సున నిలిచినది విమానము కాదు. ఆ యూరిరేవున కదలక నిలిచియున్న యొక ఓడ. దానిని చూడబోయి, మా యింటి వస్తువు నొకదానిని గూర్చి బుద్ధి తెచ్చుకొని వచ్చితిని. ఆ సంగతి సోదరీమణులకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ఓడ పేరు ‘క్వీన్ మేరీ’. స్కాట్లండులోని క్లైడుబ్యాంకున 1930 డిసెంబరులో దీని నిర్మాణ మారంభమైనది. మరుసటి యేడు ఆర్థికమాంద్యముచే పని నిలిచిపోయి, రెండేండ్లకు పైగా అస్థిపంజరమువలె పడియుండెను. 1934 ఏప్రిలులో మరల పని సాగినది. ఆ సెప్టెంబరు 26వ తేదీన మేరీరాణి స్వయముగా వచ్చి తన పేరు పెట్టి నీటిలోనికి దింపెను. 1936 మే 27న ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవునుండి న్యూయార్కునకు తొలిపయనము చేసినది. పొడవు 1,019 అడుగులు. మా యూరి రామాలయమునుండి మావారి బడివరకును దూరము సుమారుగా అంతయే. యుద్ధకాలమున దీనికి బూడిదరంగు పూసి సైనికులను చేరవేయుటకు వినియోగించిరి. 1943 జూలైలో ఒక్క పయనమున 16,683 మంది దీనిపై సముద్రము దాటిరి. పిమ్మట విమానములు ప్రబలి, ఓడలకు ప్రయాణికులు కఱవైరి. 1967 డిసెంబరు 9న ఈ ఓడ లాంగ్‌బీచ్ చేరి, నాటినుండి అచ్చటనే యున్నది. ఇప్పుడది ప్రదర్శనశాలయు, బసచేయు హోటలును.

లోనికి పోగా, ఓడయని మరచి యేదో సంస్థానపు దివాణములో నడచుచున్నట్లు తోచినది. గోడలకు నున్నని కొయ్యపలకల తాపడము. మొదటితరగతివారి భోజనశాల గోడమీద అట్లాంటిక్ మహాసముద్రపు పటము పెద్దది యొకటి కలదు. మాక్డొనాల్డ్ గిల్ అను చిత్రకారుడు వ్రాసినది. అందు వేసవి కొకటి, శీతకాలమున కొకటి, రెండు త్రోవలు గుర్తింపబడియున్నవి. ఓడ యెంతదూరము పోయినదో ఆ త్రోవమీద స్ఫటికపు చిన్నియోడ యొకటి జరిగి చూపెడిదట. భోజనమునకు కూర్చున్నవారు తలయెత్తి చూచి, విడిచిన ఒడ్డెంత దూరమైనదో, చేరవలసిన ఒడ్డెంత దగ్గరైనదో తెలిసికొనెడివారు. మావారు భూగోళము చెప్పువారగుటచే ఆ పటమును విడిచి కదలరైరి. “అక్కయ్యా, బావగారికి బడి జ్ఞప్తికి వచ్చినది” అని తమ్ముడు నవ్వెను.

ఆ సాయంకాలము మా మరదలు, “వదినగారూ, ఓడను చూచితిరి గదా, ఓడల పిచ్చిగల మనిషిని గూడ చూడుడు” అని మమ్ము పొరుగింటి వృద్ధురాలి యొద్దకు తీసికొనిపోయినది. ఆమెకు డెబ్బదియేడేండ్లు. పాతయోడల వస్తువులు కూర్చుట ఆమెకు వ్యసనము. ఓడపేరు అచ్చువేసిన భోజనపట్టికలు, ప్రయాణికుల పేర్ల జాబితాలు, పింగాణి పళ్లెములు, చెంచాలు, పేకముక్కలు, నడిసముద్రమున వ్రాసి ఓడలోనే తపాలాకు వేసిన కార్డులు, బీరువానిండ నుండెను. పెట్టెలకంటించు చీటీలు నాకు మిక్కిలి వింతగా తోచినవి. గదిలో నుంచుకొను పెట్టెకొక చీటీ. అడుగున సరకులగదిలోనికి పోవు పెట్టెకు ‘ప్రయాణములో అక్కరలేదు’ అని వేరొక చీటీ.

వీనిలో ఆమె కెల్ల ప్రియమైనది గోధుమవన్నెకు తిరిగిన యొక భోజనపట్టిక. 1946లో క్వీన్ మేరీ వేలకొలది నవవధువులను ఇంగ్లండునుండి అమెరికాకు, కెనడాకు చేర్చినది. యుద్ధమునకై వచ్చిన సైనికులను పెండ్లాడిన పడుచులు వారు; పలువురి చంకను పసిబిడ్డలు. ఈ వృద్ధురాలి తల్లియు వారిలో నొకతె. పుట్టినిల్లు మరల చూతునో చూడనో యని యేడ్చుచు ఓడ యెక్కిన పిల్ల, తొలిపూట బల్లమీద తెల్లరొట్టెను చూచి యేడుపు మానినదట. రేషనుకాలమున అట్టి రొట్టెను ఆమె యేండ్లతరబడి యెఱుగదు. ఆ పట్టికను దాచి, వెనుకవైపున పెన్సిలుతో తేదీయు, బల్లయొద్ద తనతో కూర్చున్న ముగ్గురు పడుచుల పేర్లును వ్రాసికొన్నది. “పట్టికలు అంగడిలో దొరకును. ఆ పెన్సిలువ్రాత దొరకదు” అని ఆ వృద్ధురాలు చెప్పినది.

ఈ వర్తకమున మోసములును కలవట. నిన్న పోతపోసిన ఇత్తడి తాళపుచెవికి మకిలి పట్టించి, ‘టైటానిక్’ ఓడదని యమ్ముదురు. తెలిసినవారు తొందరపడరు. ఉదాహరణకు, కునార్డు, వైట్ స్టార్ అను రెండు కంపెనీలు ఒకటియైనది 1934లో. టైటానిక్ మునిగినది 1912లో. కాబట్టి రెండు పేర్లును కలిపి ముద్రించిన పళ్లెము టైటానిక్‌ది కాజాలదు. చేసినవాని ముద్ర పింగాణి అడుగున నుండును; దానిని చూడవలెను. కాగితమునకు జిగురుపట్టీ లంటింపరాదు, ఎండ తగులనీయరాదు. అన్నిటికంటె ముఖ్యము, ఈ వస్తువు ఎవరిది, ఎవరిచేతులనుండి ఎవరిచేతికి వచ్చినదని తెలుపు వ్రాత. టైటానిక్ మునుగుచుండగా వాద్యము మానని మేళనాయకుడు వాలెస్ హార్ట్‌లీ ఫిడేలు 2013లో ఇంగ్లండున వేలమువేయగా 9 లక్షల పౌనులు పలికినది. అది యాతనిదేయని నమ్మించినవానిలో నొకటి, దానికి తాపిన వెండిరేకు. నిశ్చితార్థమునకు గుర్తుగా మరియా యను కన్య ఇచ్చినదని దానిపై చెక్కియుండెను.

వయొలెట్ జెస్సప్ అను పరిచారిక కథయు ఆమెయే చెప్పెను. టైటానిక్‌నుండి బ్రదికి బయటపడిన ఆ స్త్రీకి, పిమ్మట మిక్కిలి కొఱతగా తోచినది పండ్లుతోముకొను బ్రష్షట. 1916లో బ్రిటానిక్ ఓడయు మునిగినప్పుడు, ఈ మారు మరువక దానిని తీసికొని పడవ యెక్కినది. విని మేమందరము నవ్వితిమి. కాని ఆపదలో మనస్సు పట్టుకొనునది విలువగల వస్తువును కాదు, వాడుకొన్న వస్తువునని ఆలోచించితిని.

అప్పుడామె, “మీవారెవరైనను ఓడలమీద ప్రయాణము చేసిరా?” అని నన్నడిగినది. మరదలు ఆ మాటను తెలుగున చెప్పుచుండగానే నా గుండె దిగజారినది.

మా నాయనమ్మ తండ్రిగారు కాకినాడలో స్టీమరెక్కి రంగూను పోయి, బియ్యపుమిల్లులో పనిచేసినవారు. ఆ కాలమున మన తీరమునుండి వేలాదిమంది అట్లు పోయిరి. కోరంగిరేవు పేరున బర్మావారు మనవారిని కోరంగీలనిరి. వారందరికిని గదులెక్కడివి? డెక్కుమీద చాప పరచుకొని, మూట తలక్రింద పెట్టుకొని, ఎండకు వానకు ఓర్చి సముద్రము దాటిరి. మదరాసునుండి మలయాకు తిరిగిన ‘రాజుల’ యను ఓడ 1926లో కట్టబడినది. దానిలో డెక్కుప్రయాణికులకే ఐదువేలకు పైగా చోటు. వారికి వెండిచెంచాలు లేవు. వంటకముల పట్టిక వారికెవరు అచ్చువేయుదురు? వారి ఆనవాళ్లు వారు వెంట తీసికొనిపోయిన వస్తువులే.

మా యింట అట్టిది ఒకటి యుండెను: ఇత్తడి మరచెంబు. దానిపై చుక్కలు చుక్కలుగా కొట్టిన యక్షరములలో ముత్తాతగారి పేరును, రంగూనను మాటయు, 1931 సంవత్సరమును కలవు. ఓడ యూగినప్పుడు దొర్లిపోకుండ దానిని పంచెకొంగుకు ముడివేసికొని పండుకొనెడివారని నాయనమ్మ చెప్పెడిది. మరలు అరిగి నీరు కారుచున్నదని, రెండేండ్లక్రిందట నేనే దానిని పాత బిందెలతో కలిపి తూకమునకు వేసి, స్టీలుగిన్నెలు తీసికొంటిని. ఆ వృద్ధురాలి ముందు ఈ మాట చెప్పుటకు నాకు నోరు రాలేదు. “ఒక చెంబు ఉండెడిది” అని మాత్రమంటిని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్ననాడు మా నాన్నగారి యొద్ద రామాయణము చదువుకొన్నదానను. సముద్రమునకు ఆవలినుండి సీతమ్మ పంపిన చూడామణి రామునికి ప్రాణము పోసినది. అదియే మణి వర్తకునిచేత పడినచో తూకమే చూడడా? ఆనవాలునకు దానిని గుర్తుపట్టువారే విలువ. మా చెంబును గుర్తుపట్టవలసినదానను నేనే దానిని తూకమునకు వేసితినిగదా!

ఇంటికి వచ్చినపిమ్మట పాత్రలయంగడికి పోయితిని. “ఆ సరకెప్పుడో కరగుటకు పోయినదమ్మా” అని షావుకారు సమాధానము. వెదుకగా వెదుకగా వంటింట ఉప్పుజాడిమీద దాని మూత కనబడినది. నేనే కప్పి మరచితిని. దానిపై పేరు లేదు, ఊరు లేదు. దానిని చూచి యిది ఫలానావారిదని చెప్పగలవారు మా వంశమున ఇంక మా మేనత్తగారొక్కరే. మరునాడే వారి యొద్దకు పోయి, ముత్తాతగారి ప్రయాణమును గూర్చి వారెఱిగినదంతయు అడిగి వ్రాసికొంటిని. రెండు దస్తాలైనవి. నేనెఱుగని సంగతులెన్నియో దొరకినవి. మూతను గుడ్డలో చుట్టి ఆ కాగితములతో కలిపి పెట్టెలో పెట్టితిని. మూత యెవరిదో కాగితము చెప్పును.

సోదరీమణులారా! మన యిండ్లలో సామాను తీసివేయునది, దాచునది మనమే. రంగూనునుండియో, మలయానుండియో, ఆఫ్రికానుండియో వచ్చిన రేకుపెట్టె, చెంబు, ఉత్తరము మీ యటుకమీద నున్నయెడల తూకమువానిని పిలుచుటకు ముందు ఒక్కమారు త్రిప్పి చూడుడు. పేరున్నచో చదువుడు. లేనియెడల ఇంటి పెద్దవారినడిగి, వారుండగానే వ్రాసి దానితో నుంచుడు. తోమి తళతళలాడించుటయు వలదు, పాత యక్షరములరిగిపోవును. క్వీన్ మేరీని కాపాడుటకు ఒక పట్టణమే యున్నది. డెక్కుమీద చాప పరచుకొని పోయినవారి వస్తువులను కాపాడుటకు మనము తప్ప వేరెవ్వరును లేరు.