నక్షబాట మీద సైకిల్

మార్గశిర మాసం చివరి ఆదివారం. తెల్లవారకముందే అప్పా జంక్షన్ దాటి అజీజ్‌నగర్ గేటు దగ్గర సైకిల్ దిగాను. మంచు ఇంకా విడలేదు. చేవెళ్ళ వైపు టిప్పర్లు లైట్లు వేసుకొని ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు పక్క బండి దగ్గర చాయ్ తాగి, రెండు టైర్లలోనూ కొంచెం గాలి తీసేశాను. తారు రోడ్డు మీద టైరు బిగువుగా ఉండాలి. మట్టి బాట మీదైతే బొటనవేలితో నొక్కినప్పుడు కాస్త లొంగాలి. అప్పుడే రాయి తగిలినచోట ఒదిగి నేలను పట్టుకుంటుంది. రెండంగుళాలకు పైగా వెడల్పున్న మౌంటెన్ బైక్ టైరుకు ముప్పై పౌన్ల గాలి చాలు.

కాసేపు తొక్కేసరికి కాలేజీ బస్సుల రోడ్డు వెనకబడి బండ్ల బాట మొదలైంది.

అజీజ్‌నగర్ రెండు జలాశయాల మధ్య ఊరు. ఒకవైపు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఇంకోవైపు ఈసీ మీద హిమాయత్‌సాగర్. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచి వేలమందిని పొట్టనపెట్టుకుంది. మళ్ళీ అలాంటి గతి పట్టకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టినవి ఇవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ నీళ్ళు పాడవకుండా 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పరిశ్రమలకూ పెద్ద హోటళ్ళకూ కాలనీలకూ కట్టడి పెట్టింది. గచ్చిబౌలి ఆకాశానికి ఎగబాకిన పాతికేళ్ళలో ఇక్కడ కూరగాయల మళ్ళు, పూల తోటలు నిలిచాయంటే ఆ కట్టడి పుణ్యమే. పొలాలతోపాటు వాటి మధ్య బాటలూ, గ్రామ పటంలో గీసి ఉన్న నక్షబాటలూ మిగిలాయి. నేను చూడవచ్చింది వాటినే.

మొదట హిమాయత్‌సాగర్ ఒడ్డుకు దిగాను. చెరువు నిండితే నీటిమట్టం సముద్రమట్టం నుంచి 1,763.50 అడుగులు. నీరు తగ్గినకొద్దీ బయటపడే నేలను ఇక్కడివాళ్ళు శిఖం అంటారు. పైన పలకలు వారిన నల్లమట్టి, అడుగున ఇంకా చెమ్మ. బర్రెల గిట్టలు దిగిన గుంతలు ఎండి రాళ్ళలా గట్టిపడ్డాయి. హ్యాండిల్ పట్టిన చేతులు మోచేతుల దాకా అదిరాయి. నీటి అంచున ఒక నారాయణ పక్షి కదలకుండా చేపకోసం చూస్తోంది. దానికీ నాకూ మధ్య వంద గజాలు. ఇంకా ముందుకు పోతే అది లేచిపోతుంది, ఆ పూట దాని వేట చెడుతుంది. అక్కడినుంచే సైకిల్ వెనక్కి తిప్పాను.

ఇదే నేల వానాకాలంలో సైకిల్‌ను అడుగు వేయనివ్వదు. తడి రేగడి టైరుకు పొరలు పొరలుగా పట్టి, ఫోర్కు సందులో ఇరుక్కొని, చక్రాన్ని ఆపేస్తుంది. మనకు కలిగే ఇబ్బంది కంటే బాటకు జరిగే నష్టం పెద్దది. తడిలో పడ్డ టైరు గాడి తరువాతి వానకు కాలువ అవుతుంది. వాన వెలిసి నేల ఆరేదాకా రేగడి బాటల జోలికి పోకపోవడం సైకిల్ తొక్కేవాళ్ళు పాటించాల్సిన మొదటి మర్యాద.

చెరువు వదిలి పైకి ఎక్కితే మట్టి రంగు మారింది. నలుపు పోయి ఎరుపు వచ్చింది. ఎరుపులో మొరం, మొరంలో గుండ్రాళ్ళు. చెలకలు దాటాక కంచ కనిపించింది. ఎండుగడ్డి, రేగు పొదలు, తంగేడు, మోదుగ, సీతాఫలం, వాటి మధ్య సర్కారు తుమ్మ. గొర్లు మేసే ఇలాంటి నేలను తెలంగాణలో కంచ అంటారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల వివాదం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు ఆ మాట రాష్ట్రమంతా మారుమోగింది. రికార్డుల్లో పనికిరాని భూమిగా కనబడే కంచ గొర్లకు మేత, నెమలికి నీడ, వానకు ఇంకే చోటు.

ఇక్కడ గుట్ట ఎక్కే బాటలు రెండు కనిపించాయి. బండ్ల బాట నిటారుగా ఎక్కింది. వాననీళ్ళు దాని మధ్యలో మోకాలి లోతు కోసేశాయి. పక్కనే గొర్ల బాట గుట్ట నడుముకు అడ్డంగా, ఏటవాలుగా, మెల్లగా ఎక్కింది. జానెడు వెడల్పు లేదు, ఎక్కడా కోత లేదు. నీళ్ళు దాన్ని అడ్డంగా దాటిపోతాయి తప్ప దాని వెంట పరుగెత్తవు. మౌంటెన్ బైక్ బాటలు వేసే నిపుణులు ప్రపంచంలో ఎక్కడైనా పాటించే సూత్రం ఇదే: వాలుకు అడ్డంగా పో, నీటికి దారి విడువు. ఆ సూత్రాన్ని ఏ శిక్షణా లేకుండా గొర్రె గిట్టలు గుట్ట మీద గీశాయి.

ఆ బాట మీదే వెనక టైరు మెత్తబడింది. సైకిల్ బోర్లించి, చక్రం ఊడదీసి, టైరు లోపలి అంచు వెంట వేలు నెమ్మదిగా నడిపాను. సర్కారు తుమ్మ ముల్లు మొన వేలికి చురుక్కున తగిలింది. దాన్ని పీకకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది. ట్యూబును గరుకు కాగితంతో గీరి, సొల్యూషన్ పూసి ఆరబెడుతుండగా ఒక గొర్ల కాపరి వచ్చి పక్కన కూర్చున్నాడు. భుజాన గొంగడి, చేతిలో కట్టె.

“ఏడికి పోతవు బిడ్డా?”

“ఈ బాట పట్టుకొని చిలుకూరు దాంక పోదామనుకుంటున్న, పెద్దయ్యా.”

“పోరాదు. ఆ మలుపు కాడ గోడ పెట్టిన్రు. మా గొర్లు నీళ్ళకు ఆడికెల్లే పోయేటియి. ఇప్పుడు చుట్టు తిరిగి పోవాలె.”

“ఇది నక్షబాట కాదా?”

“నక్షల ఉంటది. నేల మీద లేకపాయె.”

మలుపు దాకా వెళ్ళి చూశాను. బాట గోడ కిందికి పోయి ఆగిపోయింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవో వచ్చి 111వ జీవో ఆంక్షలను ఎత్తేసే దారి తెరిచాక ఈ భూములపై ఎందరి కళ్ళో పడ్డాయి. ఫామ్‌హౌస్ కట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ గ్రామ నక్షలో చుక్కల గీతగా ఉన్న బాట ఊరందరిదీ.

ఇలాంటి బాటల కోసం ఇంగ్లండ్‌లో పోరాటమే జరిగింది. అక్కడ మన కంచల్లాంటి ఎత్తు బీళ్ళను మూర్‌లు అంటారు. 1932 ఏప్రిల్ 24న వందలమంది కార్మికులు, యువకులు నడిచే హక్కు కోసం కిండర్ స్కౌట్ అనే కొండబీడు ఎక్కారు. అయిదుగురు జైలుకు పోయారు. 1949లో వచ్చిన చట్టం ప్రతి కాలిబాటనూ గుర్తించి పటంలో చేర్చే బాధ్యతను స్థానిక సంస్థలకు అప్పగించింది. 1968లో ఇంకో చట్టం గుర్రపు బాటల మీద సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది. మౌంటెన్ బైక్ అప్పటికి ఇంకా పుట్టనే లేదు. ఇవాళ అక్కడ సముద్రపు ఒడ్డు నుంచి బీడు మీదుగా అడవి దాకా సైకిల్ మీద పోగలుగుతున్నారంటే ఆ పటాలే పునాది. మన గ్రామ నక్షలు నిజాం కాలం నుంచీ ఉన్నాయి. మనకు కొరత పటాలది కాదు, వాటిని నేల మీద నిలబెట్టే పట్టుదలది.

చుట్టు తిరిగి మృగవని కంచె దగ్గరికి చేరాను. 3.6 చదరపు కిలోమీటర్ల ఈ జాతీయ ఉద్యానం చుక్కల దుప్పుల ఇల్లు. లోపల మన చక్రాలకు పని లేదు. బయట ఎండుటాకుల మీద నెమ్మదిగా తొక్కుకుంటూ చిలుకూరు చేరేసరికి బాలాజీ గుడిలో ప్రదక్షిణలు చేసేవాళ్ళ సందడి మొదలైంది.

2023 అక్టోబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. మంచి పని. అజీజ్‌నగర్ బాటలకు కప్పు అక్కర్లేదు, సిమెంటు అక్కర్లేదు, కోట్ల నిధులు అక్కర్లేదు. రెవెన్యూ అధికారులు నక్ష పట్టుకొని ఒకసారి నడిచి, బాట ఉన్నచోట రాళ్ళు పాతితే చాలు. లేఅవుటుకు అనుమతి ఇచ్చే ముందు నక్షబాట తెరిచి ఉందో లేదో చూస్తే చాలు. సైకిల్ తొక్కే మిత్రులకూ ఒక మాట. గొర్లు ఎదురైతే దిగి పక్కకు నిలబడండి, పైరులోకి చక్రం పోనివ్వకండి, ప్లాస్టిక్ సీసా అక్కడ పారేయకుండా వెనక్కి తెచ్చుకోండి. ఆ బాట కాపరిది, రైతుది. దాన్ని కాపాడమని అడిగేటప్పుడు వాళ్ళ పక్కన నిలబడి అడుగుదాం.