కొడుకును అడగలేదు, బిడ్డనన్న అడగాలె అనుకున్న



ఈసారి పత్తి ధర గురించి రాస్తలేను, యూరియా లైన్ల గురించి రాస్తలేను. పిల్లల చదువు గురించి రాస్తున్న. పొడుగు పోస్టే. కానీ ఇంట్ల తొమ్మిదో పదో చదివే పిల్లలున్నోళ్లు ఆఖరి దాకా చదవాలె.

పోయిన నెల మా ఊరి హైస్కూల్ సైన్స్ సారు పొలం కాడికి వచ్చిండు. నేను యాసంగి నారుమడి కాడ ఉన్న. "పదో తరగతి పిల్లలకు స్టెమ్ కెరీర్ల గురించి చెప్పాలె, మీ సాయం కావాలె" అన్నడు. స్టెమ్ అంటే నాకు తెలిసింది మందు డబ్బా మీద ఉండే స్టెమ్ బోరర్ ఒక్కటే, మన మొగి పురుగు. ఆ మాటే అన్న. సారు నవ్వి, సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్, ఈ నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి అట్ల అంటరు అని చెప్పిండు.

"దాంట్ల నాదేమున్నది సారు, నేను ఇంటర్ ఫెయిలు" అన్న.

సారు గట్టు మీద కూసోని చెప్పిన మాట ఇది. "పట్నంల పెద్ద బడులల్ల దీనికోసం వేరే కౌన్సెలర్ ఉంటడు. మా బడిల లెక్కల సారు, నేనే కౌన్సెలర్లం. కోర్సుల పేర్లు మేం చెప్తం. పని ఎట్లుంటదో మాకు తెల్వదు. మేం చదువుకున్నం, ఉద్యోగం వచ్చింది, బడికొచ్చినం. పని చేసేటోళ్లను మీరు పట్టుకరండి."

కౌన్సెలింగ్ అంటే మనకు తెలిసింది ఒక్కటే కదా. ర్యాంకు వచ్చినంక నెట్ సెంటర్‌కు పోయి వెబ్ ఆప్షన్లు పెట్టుడు. అంతకు ముందు పిల్లలతోని కూసోని మాట్లాడుడు కూడా కౌన్సెలింగే అని నాకు ఆ రోజే ఎరుకైంది.

సారుకు సరే అన్న గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్త.

నా కొడుకు పదో తరగతి పాసైనప్పుడు నేను వాణ్ని ఏమీ అడగలేదు. ఊళ్లె నలుగురు పట్నంల కాలేజీల వేసిండ్రు, నేనూ వేసిన. ఎంపీసీ, హాస్టల్. అడ్తి దగ్గర అప్పు తెచ్చి ఫీజు కట్టిన, ఆ ఏడు పత్తి మొత్తం ఆ బాకీకే పోయింది. పొద్దున అయిదింటికి లేపుడు, రాత్రి పది దాకా చదివించుడు. వారం వారం మార్కుల మెసేజ్ నా ఫోన్‌కు వచ్చేది. మార్కులు తగ్గినయంటే ఫోన్ చేసి తిట్టేటోణ్ని. మొదటి ఏడు లెక్కలు, ఫిజిక్స్ పోయినయి. రెండో ఏడు నడుమల పెట్టె సర్దుకొని ఇంటికొచ్చిండు. ఏడాది పాటు నాతోని సరిగ్గ మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వాడు ఏడో తరగతిలనే మా 5 హెచ్‌పీ మోటర్ స్టార్టర్ డబ్బా విప్పి, పాయింట్లు గీకి, కాయిల్ మార్చి నడిపించిండు. చుట్టుపక్కల నలుగురి మోటర్లు వాడే చూసేది. నేను ఏమన్ననో తెలుసా? "కరెంటుతోని ఆటలొద్దు, పోయి పుస్తకం పట్టు" అన్న. ప్రమాదమని భయం, అది తప్పు కాదు. కానీ వాని చేతిల ఉన్నది కూడా చదువే అని నాకు తట్టలేదు. ఐటీఐల ఎలక్ట్రీషియన్ ఉన్నది, పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రికల్ డిప్లొమా ఉన్నది, మూడేండ్ల ఆ డిప్లొమా అయినంక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలనే చేరొచ్చు. ఇవేవీ నాకు తెల్వదు, ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు వాడు ఐటీఐల ఉన్నడు. మంచిగనే చదువుతున్నడు. రెండేండ్లు పోయినయి, అంతే. సారు వచ్చిన రాత్రి వానికి ఫోన్ చేసి, బడిల ఏం చెప్పాలెరా అని అడిగిన. "నువ్వు చెప్పకు నాయినా, వాళ్లను అడుగు. నన్నెవరూ అడగలేదు" అన్నడు. ఫోన్ పెట్టేసినంక చానా సేపు అట్లనే కూసున్న.

శనివారం మధ్యాహ్నం నలుగురిని వెంటబెట్టుకొని బడికి పోయిన. సబ్‌స్టేషన్ ఆపరేటర్ తమ్ముడు, మా క్లస్టర్ ఏఈవో మేడం, పశువుల దవాఖాన అసిస్టెంట్, పక్క ఊరి డ్రోన్ పిలగాడు. అందరూ మనకు రోజూ కనపడేటోళ్లే.

ముందు పిల్లలను అడిగిన, ఏమైతరని. అందరివీ రెండే మాటలు, సాఫ్ట్‌వేర్, డాక్టర్. ఇద్దరు పోలీస్ అన్నరు. సాఫ్ట్‌వేర్ అంటే పొద్దంత ఏం చేస్తరని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. తప్పు వాళ్లది కాదు, వాళ్లు చూస్తే కదా.

తర్వాత ఏఈవో మేడం ఒక లెక్క ఇచ్చింది. ఎకరం పొలం మీద 1 మిల్లీమీటరు వాన పడితే ఎన్ని లీటర్ల నీళ్లు? పిల్లలు పది అన్నరు, వంద అన్నరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు వాన అంటే లీటరు నీళ్లు. అంటే 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్లు దాటుతది. ముప్పై ఏండ్ల సంది ఎవుసం చేస్తున్న, నాకూ ఆ లెక్క తెల్వదు. వెనక బెంచీల పిల్లలు కూడా ముందుకు వంగి విన్నరు.

మేడం ఇంకో మాట అడిగింది. మీ ఇంట్ల వడ్ల పేరేంది? ఒకడు ఆర్ఎన్ఆర్ అన్నడు, ఒకామె కూనారం సన్నాలు అన్నది. ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్ అని, 15048 అనేది అక్కడి శాస్త్రవేత్తలు తయారు చేసిన రకం నంబరని, అదే తెలంగాణ సోనా అని చెప్పింది. కూనారం పెద్దపల్లి జిల్లాల ఊరు, అక్కడ పరిశోధన స్థానం ఉన్నది. రెండు రకాలను కలిపి, ఏండ్ల తరబడి పంట పంట మీద ఏరుకుంట వస్తే ఒక కొత్త రకం వస్తదట. మనం రోజూ నోట్లె పెట్టుకునే మెతుకు వెనక ఇంత సైన్స్ ఉన్నదని, అది కూడా ఒక ఉద్యోగమని పిల్లలకు ఎవరు చెప్పిండ్రు?

డ్రోన్ పిలగాడు వచ్చినంక అయితే కిటికీల కాడ కింది తరగతుల పిల్లలు కూడా నిలవడ్డరు. లైసెన్సుకు పదో తరగతి పాసై, 18 ఏండ్లు నిండి, డీజీసీఏ గుర్తింపు ఉన్న చోట శిక్షణ తీసుకోవాలె అని చెప్పిండు. కష్టం కూడా దాచలేదు. సీజన్‌ల చేతినిండ పని, తర్వాత నెలలు ఖాళీ. బ్యాటరీల ఖర్చు మోయలేం అన్నడు. సబ్‌స్టేషన్ తమ్ముడు రాత్రి డ్యూటీల గురించి చెప్పిండు. పశువుల దవాఖాన ఆయన, అర్ధరాత్రి బర్రె ఈనలేక తిప్పలు పడుతుంటే పోయిన సంగతి చెప్పిండు. నాకు నచ్చింది ఇదే. మంచి చెడు రెండూ చెప్పిండ్రు. కాలేజీల పాంప్లెట్ల మంచి ఒక్కటే ఉంటది.

ఆఖరికి సారు బోర్డు మీద దారులు రాసిండు. మీకోసం ఫోన్‌ల ఫొటో తీసుకున్న, అదే రాస్తున్న.

పాలిసెట్: పది పాసైనోళ్లు రాసుడు, పదో తరగతి పాఠాల మీదనే ఉంటది. దీనితోని పాలిటెక్నిక్‌లే కాదు, వ్యవసాయ డిప్లొమా, పశువుల డిప్లొమా సీట్లు కూడా వస్తయి. ఆ రెంటికీ బయాలజీ కూడా రాయాలె. వ్యవసాయ డిప్లొమా రెండేండ్లు, తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌కు పోవచ్చు.

బాసర ట్రిపుల్ ఐటీ: పదో తరగతి మార్కుల మీద సీటు. ఇంటర్, బీటెక్ కలిపి ఆరేండ్లు అక్కడనే.

బైపీసీ చదివి బీఎస్సీ అగ్రికల్చర్: రైతు పిల్లలకు వేరే కోటా ఉన్నది. పల్లెల చదివినట్టు బోనఫైడ్లు, పట్టా పాసుబుక్కు కావాలె. ఇప్పటి నుంచే ఆ కాగితాలు జాగ్రత్త పెట్టుకోండి.

ఐటీఐ: దీన్ని తక్కువ చూడకండి. నేను చూసి రెండేండ్లు పోగొట్టిన.

తేదీలు, నిబంధనలు ఏటా మారుతయి, నోటిఫికేషన్ వచ్చినంక సారును అడిగి చూసుకోండి.

నా చిన్నబిడ్డ ఆ తరగతిలనే ఉన్నది. బడిల నోరు తెరవలేదు. బండి మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి అడిగింది, "నాయినా, రాజేంద్రనగర్‌ల వడ్లు తయారు చేసేటోళ్లల్ల ఆడోళ్లు ఉంటరా?" అని. ఉంటరు బిడ్డా అన్న. మరి నేను పోతా అన్నది. ముందుగాల నా కడుపుల కదిలింది భయమే. దూరం, హాస్టల్, ఖర్చు, చుట్టాలు అడిగే పెండ్లి మాట. నోటిదాకా వచ్చింది, మింగిన. "అయితే ఏఈవో మేడంతోని ఒక రోజు పొలాలు తిరుగు, ఎండల ఎట్లుంటదో చూడు, అప్పుడు చెప్పు" అన్న. సంక్రాంతి సెలవులల్ల ఒక పొద్దంత తిరిగొచ్చింది. మొఖం నల్లగైంది, కాళ్లు నొస్తున్నయన్నది, కానీ మాట మార్చలేదు.

అన్నలారా, మీ ఊరి బడిల కూడా కౌన్సెలర్ ఉండడు. సార్లకు పాఠాలు, పేపర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలతోనే సరిపోతది. మనం పైసలు ఇయ్యాల్సిన పని లేదు. ఫలానా లైన్‌మన్, ఫలానా మేడం వస్తరు, ఒక గంట ఇయ్యుండ్రి సారు అని అడిగితే చాలు. పరీక్షలు మార్చిల ఉన్నయి, అంతకు ముందే పోండి.

అట్లనే ఇంట్ల మీ పిల్ల ఏ పని చేసేటప్పుడు అన్నం తినుడు మరుస్తదో ఒకసారి చూడండి. నా కొడుకు స్టార్టర్ డబ్బా ముందల మరిచేటోడు. నా కండ్ల ముందలనే కూసుండె, నేనే చూడలేదు.