మారుతీకి తోక ముచ్చట

పక్కింటి అన్న తన మారుతి 800ని మా గోడ పక్కనే నిలుపుతాడు. అందుకని దాని దగ్గూ జలుబూ అన్నీ నా చెవిన పడుతూనే ఉంటాయి. 2009 బండి. మరుసటి ఏప్రిల్ నుంచి పొగ రూల్సు మారి, ఆ మోడల్‌ను హైదరాబాద్‌లో అమ్మడమే ఆపేశారు. పదిహేనేళ్ళు నిండాక కూడా ఆర్సీ రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరీ ఉంచుకున్నాడు. మొన్న ఆదివారం చూద్దును కదా, బండి కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు.

"ఏందన్నా, సైలెన్సర్ ఊడిందా?"

"లేదు చెల్లె. కింద షీటు కొడుతున్నం. గాలి సాఫుగ పోతదట, పెట్రోల్ మిగుల్తదట. మావోడు చెప్పిండు."

వంగి చూస్తే సన్‌బోర్డు. 2025 నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉప ఎన్నికకు మన బోరబండ నిండా వెలిసిన బోర్డుల్లో ఒకటి. ఎవరో నాయకుడు రోడ్డుకేసి నవ్వుతూ దండం పెడుతున్నాడు. గెలిచాడో లేదో గానీ పనికైతే వచ్చాడు.

వాళ్ళ పిల్లగాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడు చెప్పింది తప్పేమీ కాదు. కారు అడుగున పైపులు, రాడ్లు, గుంతలు... గాలి వాటన్నిటికీ తట్టుకుంటూ పోవాలి. చదును చేస్తే కొంత నయమే. కాకపోతే సైలెన్సర్ పక్కన ప్లాస్టిక్ బోర్డు పెడితే కరిగి కంపు కొడుతుందిరా అన్నాను. "అక్కడ రేకు పెడుతున్న అత్తా" అన్నాడు. ముందు జాలీ కూడా సగం మూస్తానంటే అన్న ఒప్పుకోలేదు. మే నెల ఎండలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఇంజన్ వేడెక్కి ఆగిపోతే నెట్టేది నువ్వా అని ఒక్క మాటలో తేల్చేశాడు.

అసలు సంగతేమిటంటే, బోరబండ బస్టాండు నుంచి ఎర్రగడ్డ దాకా సెకండ్ గేర్లో పాకే బండికి ఏ షీటూ ఒరగబెట్టేదేమీ లేదు. అక్కడ పెట్రోల్ తాగేది బ్రేకులూ గేర్లే. గాలి సంగతి తెలిసేది అన్న జడ్చర్ల దగ్గరి సొంతూరికి పోయేటప్పుడు, గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దాన్ని తోయడానికి ఇంజన్ పెట్టాల్సిన పవర్ ఎనిమిదింతలు. ఔటర్ మీద 2023 నుంచి కుడివైపు లైన్లలో 120 దాకా పోనిస్తున్నారు. మారుతిలో ఆ స్పీడుకు నేనైతే కూర్చోను. ఎనభై మీద పోతే దానికీ మంచిది, మనకీ మంచిది, జేబుకైతే ఇంకా మంచిది.

మనందరం అనుకునేది ముందుభాగం కోసుగా ఉంటే చాలని. వెనక చూడం. మారుతి వెనక అద్దం ఎప్పుడు చూసినా దుమ్ము పట్టే ఉంటుంది, గమనించారా? పైకప్పు మీదుగా వచ్చిన గాలి ఆ నిలువు డిక్కీ తలుపు దగ్గర కిందికి తిరగలేక తెగిపోతుంది. వెనకాల ఏర్పడ్డ తక్కువ ఒత్తిడిలో సుడులు తిరిగి, టైర్లు లేపిన దుమ్మంతా తెచ్చి అద్దానికే కొడుతుంది. ఆ సుడే బండిని వెనక్కి గుంజేది. చేపకు చూడండి, తల మొద్దుగానే ఉంటుంది, సన్నబడేది తోకే.

1970లలో అమెరికా నాసా వాళ్ళు కాలిఫోర్నియాలో ఒక పాత ఫోర్డ్ వ్యాను చుట్టూ అల్యూమినియం రేకులు బిగించి, కావాలనే అట్టపెట్టెలా చేసి నడిపారు. తర్వాత దాని నిలువు మూలలు గుండ్రం చేస్తేనే గాలి అడ్డు 40 శాతం తగ్గింది. అడ్డ మూలలూ గుండ్రం చేస్తే 54 శాతం. లోపల సామాన్ల చోటు పోయింది మాత్రం 3 శాతమే. వెనక పడవలా సన్నబడే తోక తగిలిస్తే ఇంకో 15 శాతం దాకా తగ్గింది.

ఇది నేను చెప్పకుండా ఉండాల్సింది. పిల్లగాడు టేపు తెచ్చి డిక్కీ కొలవడం మొదలుపెట్టాడు.

"ఆగురా" అన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒకటుంది. కంపెనీ ఇచ్చిన రూపం మార్చి రోడ్డు మీద తిప్పొద్దని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చట్టం సవరించి, ఓనరే మార్పు చేయిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పెట్టారు. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియంలో వంకాయ కారు, బూటు కారు ఉన్నాయి, ముచ్చటగా ఉంటాయి. కానీ అవి మ్యూజియంలో ఉన్నాయి.

"మరేం చెయ్యాలె అత్తా?"

తగిలించే ముందు, తగిలించినవి తియ్యండి. నెత్తిమీద క్యారియర్ రాడ్లు, తలుపుల మీద వానకని అతికించిన ప్లాస్టిక్ చూరు, ముందు బంపర్‌కు స్టీలు గార్డు. గార్డునైతే 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వద్దంది, ఎదుటి మనిషికి తగిలితే ప్రమాదమని. టైర్లలో గాలి సరిగ్గా ఉంచి, ఔటర్ మీద అద్దాలు ఎక్కిస్తే సగం పని అయినట్టే. గాలి బండిని ఎక్కడ అంటుకుని పోతుందో, ఎక్కడ తెగిపోతుందో చూడాలంటే వదినె ఊలు ముక్కలు జానెడు చొప్పున కత్తిరించి పైకప్పు మీదా డిక్కీ మీదా టేపుతో అంటించమన్నాను. గాలి అంటుకుని పోయేచోట ఊలు బుద్ధిగా పడుకుంటుంది, తెగిపోయినచోట పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరుగుతుంది. పక్క కారులోంచి ఫోన్లో వీడియో తియ్యాలి. బైకు మీద పోయి తీస్తానంటాడు వాడు, ఔటర్ మీదికి బైకులను రానివ్వరు కదా.

అన్న పదో నంబరు పానా తెచ్చి క్యారియర్ నట్లు విప్పుతుంటే వదినె చేతులు కడుక్కుంటూ బయటికొచ్చింది.

"ఇప్పు, ఇప్పు. సంక్రాంతికి ఊరికెల్లి బియ్యం బస్తాలు నీ నెత్తిన పెట్టుకొస్తవా?"

అన్న పానా ఆపాడు. పిల్లగాడు నావైపు చూశాడు. పండక్కి మళ్ళీ బిగించుకోవచ్చు వదినె, నాలుగు నట్లే కదా అన్నాను. "ఆ నాలుగు నట్లు అప్పటిదాక ఈయన యాడ పెడతడో నాకెరుక" అంది.