మా ఊరి వైన్ టేస్టింగ్

మా టీమ్ లీడ్ ఫ్రాన్స్ వెళ్లొచ్చినప్పటి నుంచి లంచ్‌లో ఒకటే టాపిక్: సెంట్ ఎమిలియోన్. బోర్డో దగ్గరి ఊరు. అక్కడి ద్రాక్షతోటల్ని 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. గ్లాసు తిప్పాలట, వాసన చూడాలట, నోట్లో పుక్కిలించాలట, తర్వాత పక్కనున్న గిన్నెలో ఉమ్మేయాలట. రోజంతా పది రకాలు రుచి చూడాలంటే అంతే మరి.

ఈ ఉమ్మే సంగతి మా పెద్దబాపుకు చెప్పా. "తాగేటిదాన్ని ఉమ్ముతరా? పాపం తగుల్తదిరా" అన్నాడు. జనగామ దగ్గర మా ఊళ్లో ఆయన నలభై ఏళ్లుగా తాళ్లెక్కుతున్నాడు.

పోయిన ఎండాకాలం నా రూమ్మేట్స్ ఇద్దరిని ఊరికి తీసుకెళ్లా. ఒకడిది గుంటూరు, ఇంకొకడిది వైజాగ్. కల్లు అనగానే ఇద్దరికీ భయం. వాళ్లనీ తప్పుపట్టలేం. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. మత్తుమందు కలిపిన నీళ్లను కల్లని అమ్మితే చెడ్డపేరు వచ్చేది మాత్రం చెట్టుకే.

పొద్దున ఆరింటికల్లా తాటివనంలో ఉన్నాం. పెద్దబాపు నడుముకు ముత్తాదు, చెట్టు చుట్టూ మోకు, కాళ్లకు గుజి. నాలుగంతస్తుల ఎత్తు చెట్టెక్కి, గెల చివర కత్తితో సన్నటి పొర గీశాడు. పొద్దున, సాయంత్రం గీయాల్సిందే. మానేస్తే ధార ఆగిపోతుంది. అందుకే ఆయనకు వీకెండ్ లేదు, వర్క్ ఫ్రమ్ హోమ్ అసలే లేదు.

తాటి రేక మడిచి లొట్టిలోంచి పోశాడు. మొదటి చెట్టుది తియ్యగా, నురగగా ఉంది. "ఇది పోద్దాడు, మగచెట్టు." రెండోది కాస్త చిక్కగా, ఘాటుగా. "ఇది పండుతాడు, కాయలు కాసేది." కళ్లు మూసుకుని తాగి, ఇది చెర్వు గట్టు చెట్టుది, ఇది రాళ్ల చెల్కలోది అని కూడా చెప్పేస్తాడు. ఫ్రెంచివాళ్లు దీనికే టెర్వార్ అని పేరు పెట్టుకున్నారు. నేలను బట్టి రుచి. భూపాలపల్లి అడవివైపు పోతే గిరక తాటి కల్లు, దాని లెక్క వేరు.

తేడా ఒక్కచోట ఉంది. వైన్‌ను ఏళ్లకేళ్లు దాస్తారు. కల్లుకు అంత ఆయుష్షు లేదు. ఈస్ట్ ఎవరూ కలపరు, గాల్లో, లొట్టిలో ఉన్నదే పని మొదలుపెడుతుంది. తెల్లారి తియ్యన, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి తాగలేం. అందుకే సీసాలో పెట్టి ఫ్రాన్స్‌కు పంపలేం. చెట్టు కిందికి మనమే రావాలి.

గుంటూరోడు రెండో రేక అడిగాడు. వైజాగోడు మోకు కట్టుకుని ఫొటో దిగాడు. నేనేమో మా సర్వాయి పాపన్న కథ మొదలుపెట్టా. మా జనగామ వైపే షాపూర్‌లో కోట కట్టి, 1708లో వరంగల్ మీద దాడి చేసిన గౌడు. మా ఊళ్లో ఎవరొచ్చినా ఈ కథ తప్పదు.

"అంకుల్, మీ తర్వాత ఎవరెక్కుతారు?" అని వైజాగోడు అడిగాడు. నేనెప్పుడూ అడగని ప్రశ్న.

"ఎవలెక్కుతరు బిడ్డా. నా కొడుకు పట్నంల ఏసీలు బిగిస్తుండు. వీడేమో కంప్యూటర్." నవ్వుతూనే అన్నాడు. "ఎక్కొద్దని నేనే సదివించిన."

ఎందుకన్నాడో నాకు తెలుసు. రెండేళ్ల కింద మా వాడలో ఒకాయన మోకు జారి పడ్డాడు. ఇప్పటికీ మంచంలోనే. గవర్నమెంట్ 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు మొదలుపెట్టింది. పెద్దబాపుకూ ఒకటి వచ్చింది. "మొదట్ల బరువనిపించింది, ఇప్పుడు అది లేకుంటే ఎక్కబుద్ధైత లేదు" అంటాడు. నాకు మాత్రం ఆయన పైన ఉన్నంతసేపూ తల ఎత్తి చూడాలంటే భయమే.

సాయంత్రం మళ్లీ బయల్దేరాడు. లొట్లు మేం మోశాం. పదమూడో చెట్టు దిగేసరికి చీకటి పడింది. ఇంకా రెండున్నాయి. ఫోన్ లైట్ కొట్టి నిలబడ్డాం.